అట్టడుగున జట్టు, ఆకాశంలో కార్డు: పిట్స్‌బర్గ్ పైరేట్స్ చెప్పే రెండు లెక్కలు

2025 మార్చిలో అమెరికాలో పేకముక్కంత అట్ట ఒకటి వేలంలో 11.1 లక్షల డాలర్లు పలికింది. మన డబ్బులో తొమ్మిది కోట్ల రూపాయల పైమాటే. పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) పాల్ స్కీన్స్ సంతకం, తన తొలి మ్యాచ్‌లో అతను వేసుకున్న చొక్కా మీది గుడ్డ గుర్తు ఆ అట్టలో ఉన్నాయి. అలాంటిది ప్రపంచంలో అదొక్కటే. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పదకొండేళ్ల పిల్లవాడు బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ విప్పితే అది బయటపడింది. ఆ కార్డు తమకిస్తే బ్యాటరు నిలబడే హోం ప్లేట్ వెనక రెండు సీజన్ టికెట్లు 30 ఏళ్లపాటు ఇస్తామని, ఇంకా ఏవేవో కానుకలిస్తామని జట్టే ముందుకొచ్చింది. ఆ కుటుంబం వద్దంది. చివరికి వేలంలో కొన్నది పిట్స్‌బర్గ్ ప్రాంతానికే చెందిన డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ సంస్థ.

మరి అదే ఏడాది ఆ జట్టు ఏం చేసింది? 71 గెలిచి, 91 ఓడి, తన విభాగంలో ఐదుగురిలో ఐదో స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఏడాదీ ఐదో స్థానమే.

చాలామందికి తికమక కలిగేది ఇక్కడే. జట్టు ఓడుతుంటే కార్డు ధర ఎందుకు పెరుగుతుంది? ఏళ్లనాటి కార్డులన్నీ ఖరీదైనవేనా? అటకమీద డబ్బాలో పడి ఉన్న 1980ల కార్డులతో ఇల్లు కొనుక్కోవచ్చా? సీజన్‌కూ కార్డుకూ ఆటగాళ్లు ఒకరే అయినా లెక్కలు వేరు. మొదటిది మైదానంలో జరిగిన ప్రతిదాన్నీ కూడుతుంది. రెండోది కాలం మింగగా మిగిలినదాన్నే లెక్కపెడుతుంది.

పిట్స్‌బర్గ్ అనగానే తెలుగువారికి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. గుడి చూసి వచ్చినవారిలో ఊళ్లో నది ఒడ్డున ఉన్న పీఎన్‌సీ పార్క్ మైదానం చూసినవారు ఎందరో తెలియదు గానీ, ఈ రెండు లెక్కలూ పక్కపక్కన కనిపించే ఊరు అంతకంటే మంచిది దొరకదు. అందుకే ఈ వ్యాసమంతా ఆ ఒక్క జట్టు చుట్టూనే తిరుగుతుంది.

## 162 మ్యాచ్‌ల సీజన్ ఏం కొలుస్తుంది

క్రికెట్ చూసే కళ్లకు బేస్‌బాల్ సీజన్ ముందుగా విసుగు పుట్టిస్తుంది. మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరిదాకా, దాదాపు రోజూ ఒక మ్యాచ్. ఒక్కో జట్టుకు 162. మొత్తం 30 జట్లు నేషనల్, అమెరికన్ అనే రెండు లీగులుగా, ఒక్కో లీగులో మూడేసి విభాగాలుగా ఉంటాయి. విభాగానికి ఐదు జట్లు. పాయింట్లు లేవు, డ్రా లేదు, నెట్ రన్‌రేటు లేదు. గెలుపోటములే.

ఇన్ని మ్యాచ్‌లు ఎందుకంటే, ఒక్క మ్యాచ్‌లో అదృష్టం వాటా చాలా ఎక్కువ కాబట్టి. గట్టిగా కొట్టిన బంతి నేరుగా ఫీల్డరు చేతిలో పడుతుంది, బ్యాటు అంచుకు తగిలింది ఎవరూ లేనిచోట పడుతుంది. అట్టడుగు జట్టు కూడా సాధారణంగా పదింట మూడో నాలుగో గెలుస్తుంది. అగ్రస్థానంలో ఉన్న జట్టు కూడా పదింట ఆరు గెలిస్తే గొప్పే. ఈ చిన్న తేడా పైకి తేలాలంటే చాలా మ్యాచ్‌లు కావాలి.

పత్రికల్లో కనిపించే పట్టికలో ‘ఎన్ని ఆటలు వెనక’ అనే గడి ఉంటుంది. దాని లెక్క సులువు. పై జట్టు గెలుపుల్లోంచి మన గెలుపులు తీసేయాలి, మన ఓటముల్లోంచి వాళ్ల ఓటములు తీసేయాలి, రెండూ కలిపి సగం చేయాలి. 2015నే తీసుకుందాం. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 100 గెలిచి 62 ఓడింది. పైరేట్స్ 98 గెలిచి 64 ఓడింది. గెలుపుల తేడా 2, ఓటముల తేడా 2, మొత్తం 4, సగం 2. అంటే పైరేట్స్ రెండు ఆటలు వెనక. సీజన్ మధ్యలో జట్లు ఆడిన మ్యాచ్‌లు సమానంగా ఉండవు కాబట్టి ‘నాలుగున్నర ఆటలు వెనక’ లాంటి వింత అంకెలు వస్తుంటాయి.

ఆ 2015 కథ పిట్స్‌బర్గ్ వాళ్లను ఇప్పటికీ కుట్టి చంపుతుంది. ఆ ఏడాది మొత్తం 30 జట్లలో కార్డినల్స్, పైరేట్స్, 97 గెలిచిన చికాగో కబ్స్‌వే తొలి మూడు స్థానాలు. ముగ్గురూ ఒకే విభాగం. విభాగం గెలవకపోయినా తర్వాతి దశకు అర్హత పొందినవాళ్లు అప్పటి నియమం ప్రకారం ఒకే ఒక్క మ్యాచ్ ఆడాలి. పైరేట్స్ కబ్స్ చేతిలో 0-4తో ఓడి ఇంటికి పోయింది. ఆరు నెలలు కూడిన లెక్కను ఒక సాయంత్రం చెరిపేసింది. ఇప్పుడు ఆ దశలో మూడు మ్యాచ్‌ల పోటీ పెడుతున్నారు. 2022 నుంచి మొత్తం 12 జట్లకు తర్వాతి దశలో ఆడే అవకాశం ఉంది. ఇంత సుదీర్ఘ సీజన్ తర్వాత మూడు మ్యాచ్‌లు కూడా తక్కువేనని కొందరంటారు. అదృష్టానికి చోటు లేకపోతే అక్టోబరులో ఎవరు చూస్తారని మరికొందరంటారు. రెండు మాటలూ నిజమే.

## పరుగులు ఎక్కువ చేసి కప్పు పోగొట్టుకున్న 1960

బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు ఒక లెక్క కనిపెట్టారు. జట్టు చేసిన పరుగులను వర్గం చేసి, దాన్ని చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు తన మ్యాచ్‌లలో ఎంత వంతు గెలవాల్సిందో దాదాపుగా తేలుతుంది. వర్గాలు ఉన్నాయి కాబట్టి దీనికి పైథాగరస్ పేరు అంటుకుంది.

ఒక ఊహా జట్టు 700 పరుగులు చేసి 650 ఇచ్చిందనుకోండి. 700 వర్గం 4,90,000. 650 వర్గం 4,22,500. మొదటిదాన్ని రెండింటి మొత్తం 9,12,500తో భాగిస్తే 0.537. దాన్ని 162తో గుణిస్తే 87. అంటే ఆ జట్టు 87 గెలుపుల జట్టు. 80 మాత్రమే గెలిస్తే దురదృష్టమో, చివర్లో చేతులెత్తేసే పిచర్లో కారణమై ఉండాలి.

ఇప్పుడు ఇదే లెక్కను, రెండు లీగుల విజేతలు కప్పు కోసం తలపడే వరల్డ్ సిరీస్‌కు, 1960 నాటిదానికి పెట్టి చూడండి. న్యూయార్క్ యాంకీస్‌తో ఏడు మ్యాచ్‌లు. యాంకీస్ గెలిచినవి 16-3, 10-0, 12-0. పైరేట్స్ గెలిచినవి 6-4, 3-2, 5-2, ఇక అక్టోబరు 13న జరిగిన ఏడోది 10-9. మొత్తం పరుగులు కూడితే యాంకీస్ 55, పైరేట్స్ 27. జేమ్స్ సూత్రంలో వేస్తే 729ని 3,754తో భాగించాలి. 0.194 వస్తుంది. ఏడు మ్యాచ్‌లకు గుణిస్తే ఒకటిన్నర గెలుపు కూడా లేదు. అయినా కప్పు పిట్స్‌బర్గ్‌కే వచ్చింది. ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పైరేట్స్ ఆటగాడు బిల్ మజెరాస్కీ కొట్టిన హోం రన్‌తో (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) ఆట అక్కడికక్కడే ముగిసింది. సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం ఓడిన యాంకీస్ ఆటగాడు బాబీ రిచర్డ్‌సన్‌కు దక్కింది. ఓడిన జట్టు నుంచి ఆ బహుమతి అందుకున్నది ఇంతవరకు ఆయనొక్కరే.

సూత్రం తప్పా? కాదు. ఏడు మ్యాచ్‌లు దానికి చాలవు. 162 ఉంటే ఆ 16-3లూ 12-0లూ తమ పని చేసేవి.

పిచర్ల లెక్కలోనూ ఇలాంటి ముడి ఒకటుంది. ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒక పిచర్ సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే అంకెను ఈఆర్ఏ అంటారు. నాలుగు లోపు ఉంటే మంచిది, మూడు లోపు గొప్పది. 2025లో స్కీన్స్‌ది 1.97. నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా అతనికే వచ్చింది. కానీ అతని ఖాతాలో పడ్డ గెలుపులు 10, ఓటములు 10. అతను రెండు పరుగులకు మించి ఇవ్వకపోయినా అతని జట్టు ఒకటో సున్నానో చేస్తే ఓటమి అతని పేరు మీదే రాస్తారు. పాత కార్డుల వెనక పిచర్ పేరు కింద ఈ గెలుపోటముల గడే ముందుగా కనిపిస్తుంది. ఆ గడి ఒక్కటే చూసి పిచర్‌ను తూచకూడదు.

## కార్డులు ఎలా పుట్టాయి, ‘వింటేజ్’ ఎక్కడ ఆగుతుంది

మన చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి గుర్తుందా? బేస్‌బాల్ కార్డుదీ అదే పుట్టుక, కాకపోతే వందేళ్లకు పైగా ముందు. మొదట సిగరెట్ పెట్టె నలగకుండా పెట్టే అట్టముక్క మీద ఆటగాడి బొమ్మ వేశారు. బొమ్మల వరుస పూర్తి చేయాలంటే సిగరెట్లు కొంటూనే ఉండాలి. తర్వాత మిఠాయిలతో, 1930లలో చూయింగ్ గమ్‌తో వచ్చాయి. 1951లో టాప్స్ అనే గమ్ కంపెనీ రంగంలోకి దిగింది. 1952లో ఆ సంస్థ ఉద్యోగి సై బెర్గర్ బ్రూక్లిన్‌లో తన వంటింటి బల్ల మీద రూపుదిద్దిన 407 కార్డుల వరుస ఇప్పటి కార్డుకు మూసగా నిలిచింది. ముందు రంగుల బొమ్మ, జట్టు గుర్తు, సంతకం. వెనక అంకెలు. 1957లో కొలత రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవుగా స్థిరపడి ఈరోజుకీ అలాగే ఉంది.

వింటేజ్, అంటే పాతకాలపు కార్డులు, ఏ ఏడాది దాకా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది 1980ని గీతగా పెట్టుకుంటారు. దానికి కారణముంది. అప్పటిదాకా టాప్స్‌కు పోటీ దాదాపు లేదు. 1980లో వచ్చిన కోర్టు తీర్పుతో 1981 నుంచి ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు కూడా కార్డులు వేయడం మొదలుపెట్టాయి. మరికొందరు 1973 దగ్గరే ఆగుతారు. టాప్స్ కార్డులను విడతలు విడతలుగా వదిలిన ఆఖరి సంవత్సరం అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటికి ‘యుద్ధపూర్వ’ కార్డులని వేరే పేరుంది. నన్నడిగితే 1973 గీతకే అర్థం ఎక్కువ. ఎందుకో ఇంకాస్త ముందుకెళ్తే తెలుస్తుంది.

స్కీన్స్ కార్డు వీటిలో దేనిలోకీ రాదు. అది పుట్టుకతోనే ఒక్కటిగా పుట్టింది. కంపెనీయే ‘ఇది ఒకటే’ అని ముద్ర వేసి అమ్మింది. పాత కార్డులకు ఆ అరుదుదనం ఎవరూ కావాలని తెచ్చింది కాదు. పిల్లలు సైకిల్ చక్రం పుల్లలకు తగిలించి టపటపలాడించినవి, వాన నీళ్లలో పడవేసినవి, కొడుకు పై చదువుకు వెళ్లాక తల్లి చెత్తబుట్టలో వేసినవి పోగా మిగిలినవే ఇప్పుడు ఉన్నాయి.

1980ల చివర జరిగింది దీనికి తలకిందులు. పాత కార్డులకు ధర పలుకుతోందని తెలిసి జనం కొత్త కార్డులను పెట్టెలు పెట్టెలుగా కొని దాచుకున్నారు. కంపెనీలు అచ్చు గుద్దుతూనే పోయాయి. అందరూ దాచుకున్నదానికి ఎవరు డబ్బిస్తారు? చెక్క గీతల అంచుతో వచ్చే 1987 టాప్స్ వరుసలో పైరేట్స్ చొక్కాతో బారీ బాండ్స్ ఉంటాడు. 762 హోం రన్‌లతో చరిత్రలోనే మొదటి స్థానం అతనిది. ఆ కార్డు మామూలు స్థితిలో కాఫీ ఖర్చుతో దొరుకుతుంది. ఉత్ప్రేరక మందుల నీడ కూడా అతని ధరను కిందికి లాగుతోందనేది నిజమే గానీ, అసలు కారణం కుప్పలు తెప్పలుగా ఉండటమే. అటకమీది డబ్బాతో ఇల్లు కొనలేరు.

## కార్డు ఎప్పుడూ ఏడాది వెనకే ఉంటుంది

నా దగ్గర 1960 టాప్స్ వరుసలోని పైరేట్స్ కార్డు ఒకటుంది. అడ్డంగా పట్టుకుని చూడాల్సిన బొమ్మ. ఒకవైపు ఆటగాడి ముఖం రంగుల్లో, పక్కనే ఆడుతున్నట్టు నలుపు తెలుపు బొమ్మ. పేరులోని అక్షరాలు ఒకటి విడిచి ఒకటి రంగు మారుతుంటాయి. నాలుగు మూలలూ అరిగి పీచు లేచాయి. వేలితో తడిమితే అట్ట పొరలు తగులుతాయి. తిప్పితే బూడిద రంగు వీపు. ఈ వరుసలో చాలా కార్డుల వెనక ఉన్నట్టే దీని మీదా ఆ ఆటగాడి ‘సీజన్ విశేషాలు’ ఉన్నాయి.

ఏ సీజన్? 1959. కార్డు 1960 వసంతంలో అంగళ్లకు రావాలంటే అచ్చయ్యేనాటికి ఆ సీజన్ ఇంకా మొదలవదు కదా. అందుకే ఏ సంవత్సరం కార్డయినా దాని వెనక ఉండేది గడిచిన ఏడాది బతుకే. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు తరచూ పొరబడేది ఇక్కడే. మజెరాస్కీ హోం రన్ కోసం 1960 కార్డు కొంటారు. ఆ కార్డుకు ఆ హోం రన్ గురించి ఏమీ తెలియదు. అది కావాలంటే 1961 వరుస చూడాలి. ఆ ఏడాది టాప్స్ సిరీస్‌లోని ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో కార్డు వేసింది. ఏడోదాని మీద మజెరాస్కీ ఉంటాడు.

ఈ ఏడాది వెనకబాటే చాలామంది జట్టు అభిమానులకు పాత కార్డుల మీద మోజు పుట్టించేది. సాయంత్రం ఈనాటి మ్యాచ్ చూస్తూ, చేతిలో 1960 కార్డు తిప్పుతుంటే, అక్టోబరులో ఏం జరగబోతోందో మనకు తెలుసు, ఆ కార్డులోని మనిషికి తెలియదు.

## సీజన్ ముగిసే వేళ వచ్చిన కార్డులు ఎందుకు దొరకవు

టాప్స్ 1973 దాకా కార్డులను ఒకేసారి వదిలేది కాదు. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి వసంతంలో ఒక విడత, వేసవిలో మరికొన్ని, సీజన్ చివర ఆఖరి విడత. అప్పటికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి మళ్లేది, బళ్లు తెరిచేవారు. కొట్లవాళ్లు ఆఖరి విడత పెట్టెలు తక్కువే తెప్పించుకునేవారు. అందుకే పాత వరుసల్లో పెద్ద నంబర్ల కార్డులు కొరత. ఆటగాడి గొప్పతనంతో దీనికి సంబంధం లేదు. ఎవరికీ గుర్తులేని ఒక ప్రత్యామ్నాయ ఆటగాడు ఆఖరి విడతలో పడితే, మొదటి విడతలో పడ్డ తారతో పోటీ పడే ధర పలకవచ్చు. సీజన్ ఆకారమే కార్డుల కొరతను నిర్ణయించిన చోటు ఇది. 1973ను గీతగా పెట్టడంలో అర్థముందని అందుకే అన్నాను.

1952 వరుసలో 311 నుంచి 407 వరకు ఉన్న ఆఖరి విడత ఈ కొరతకు పరాకాష్ఠ. అమ్ముడుపోని పెట్టెలు ఏళ్లపాటు గిడ్డంగిలో మూలిగాయని, 1960లో వాటిని పడవలోకి ఎక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గర్ తర్వాతి కాలంలో చెప్పారు. అదే విడతలో 311వ నంబరు యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్. దానిదొక ప్రతి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ విడతలో మాంటిల్ కార్డును మిగతా చాలావాటికంటే రెట్టింపు ముద్రించారు. అంటే అదే విడతలో దానికంటే అరుదైనవి డజన్లకొద్దీ ఉన్నాయి. కొరత ఒక్కటే ధర పెంచదు. కొరతకు పదిమంది కోరిక తోడవ్వాలి. మాంటిల్‌ను చూస్తూ పెరిగిన తరం చేతిలో డబ్బు ఆడే వయసుకు వచ్చాకే ఆ ధర లేచింది.

## వాగ్నర్: ఒక కార్డు, రెండు కథలు

పైరేట్స్ లేకుండా పాత కార్డుల కథ చెప్పలేకపోవడానికి కారణం హోనస్ వాగ్నర్. ఎనిమిది సార్లు నేషనల్ లీగ్ బ్యాటింగ్ సగటులో మొదటివాడు, 1936లో బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన తొలి ఐదుగురిలో ఒకడు. 1909లో అతని జట్టు 110 గెలిచి 42 మాత్రమే ఓడింది, వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్‌ను ఓడించింది. అదే ఏడాది అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్లతో ఇచ్చే కార్డుల వరుస మొదలైంది. జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తర్వాత తయారుచేసిన పట్టికలో దానికి టీ206 అని పేరు. అందులో ‘టీ’ అంటే పొగాకు. బర్డిక్ తన సేకరణనంతా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశారు. 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులు అందులో ఉన్నాయి.

ఆ వరుసలో వాగ్నర్ కార్డు అచ్చు త్వరగానే ఆగిపోయింది. ఇప్పుడు లోకంలో మిగిలినవి అరవై లోపే. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. నారింజ రంగు నేపథ్యం, నడిపాపిట, కింద వాగ్నర్ అని, పిట్స్‌బర్గ్ అని. ఊరి పేరులో చివరి ‘హెచ్’ అక్షరం ఉండదు. అచ్చుతప్పేమో అనుకుంటారు చూసినవారు. కాదు. 1891 నుంచి 1911 వరకు అమెరికా ప్రభుత్వం ఆ ఊరి పేరును అలాగే రాయమంది. ఊరివాళ్లు పోరి ఆ అక్షరాన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

అచ్చు ఎందుకు ఆగిందన్నదే వివాదం. తన బొమ్మ కోసం పిల్లలు సిగరెట్లు కొనడం వాగ్నర్‌కు నచ్చలేదన్నది మొదటి కథ. అనుమతి తెచ్చిపెడితే పది డాలర్లిస్తామని కంపెనీ పిట్స్‌బర్గ్‌లోని ఒక పత్రికా రచయితకు చెప్పిందని, వాగ్నర్ కుదరదని జవాబిస్తూ, ఆ రచయిత నష్టపోకూడదని పది డాలర్ల చెక్కు జతచేశాడని 1912లో క్రీడా పత్రికలో వచ్చింది. డబ్బివ్వకుండా తన బొమ్మ వాడుకోవడం నచ్చకే ఆపించాడన్నది రెండో కథ. ఈ వాదన చేసేవారు వాగ్నర్ స్వయంగా పొగాకు నమిలేవాడని, అంతకు ముందు చుట్టల ప్రకటనల్లో అతని బొమ్మ వచ్చిందని చూపిస్తారు. 1948 నాటి లీఫ్ కంపెనీ కార్డులో, అప్పటికి ముసలి కోచ్‌గా ఉన్న వాగ్నర్ నమిలే పొగాకుతోనే కనిపిస్తాడు! నాకు మాత్రం ఈ రెండు కథలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనిపించదు. తాను నమలడం వేరు, ఊరి పిల్లల చేత సిగరెట్లు కొనిపించడం వేరు. పైగా డబ్బు కోసమే అయితే చెక్కు ఎదురు పంపడం ఎందుకు?

## గ్రేడు: రక్షణా, కొత్త జూదమా

అదే కార్డు ఒకచోట వంద డాలర్లకు, మరోచోట పదివేలకు ఎలా అమ్ముడవుతుంది? సమాధానం గ్రేడు. 1991లో మొదలైన పీఎస్‌ఏ, ఆ తర్వాత వచ్చిన ఎస్‌జీసీ వంటి సంస్థలు కార్డు మూలలు, అంచులు, బొమ్మ మధ్యలో ఉందా లేదా, పైపూత ఎలా ఉంది అని పరిశీలించి ఒకటి నుంచి పది దాకా అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి ఇస్తాయి. పాతకాలపు అట్టకు పది రావడం దాదాపు అసాధ్యం. పైన చెప్పిన మాంటిల్ కార్డుకు తొమ్మిదిన్నర వచ్చింది. అదే కార్డు నలిగిపోయి ఒకటో గ్రేడులో ఉంటే పదుల వేల డాలర్లతో ఆగిపోతుంది.

గ్రేడు వేయించడం ఎప్పుడు గిట్టుబాటో ఒక ఊహా లెక్క చూద్దాం. మీ చేతిలోని కార్డు ఉన్నదున్నట్టు 30 డాలర్లు పలుకుతుంది. గ్రేడు రుసుము 25. గ్రేడు 8 వస్తే 120, 6 వస్తే 45, 4 వస్తే 25 డాలర్లు పలుకుతుందనుకోండి. 8 వచ్చే అవకాశం పదింట ఒకటి, 6 వచ్చేది పదింట నాలుగు, 4 వచ్చేది పదింట ఐదు. సగటు చూస్తే 12, 18, 12.5 కలిపి 42.5. రుసుము తీసేస్తే 17.5. పంపకపోతే 30. ఇలాంటి కార్డు పంపడమంటే లాటరీ టికెట్ కొన్నట్టే.

పాత కార్డులకు గ్రేడు కావాలనేవారి వాదన బలమైనదే. అంచులు కత్తిరించి కొత్తగా కనిపించేలా చేయడం, రంగు పూయడం, నకిలీలు, ఇవన్నీ ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్నవే. కొత్తవారికి కంటితో కనిపెట్టడం కష్టం. వద్దనేవారి వాదనకు అంతకంటే పెద్ద సాక్ష్యం ఉంది. 1991లో హాకీ తార వేన్ గ్రెట్స్‌కీ, మరొకరితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్న వాగ్నర్ కార్డు ప్రపంచంలో అన్నిటికంటే మెరుగైన స్థితిలో ఉన్న వాగ్నర్‌గా పేరు పొందింది. పీఎస్‌ఏ గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు అదే. గ్రేడు 8. 2007లో 28 లక్షల డాలర్లకు వెళ్లింది. దాన్ని ఒకప్పుడు అమ్మిన వేలందారు బిల్ మాస్ట్రో తానే అంచులు కత్తిరించానని 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నారు. నియమం ప్రకారం కత్తిరించిన కార్డుకు అంకె వేయకూడదు. అంటే గ్రేడు యుగం మొదటి అడుగే తప్పుటడుగు. విచిత్రమేమంటే, ఆ కార్డు పరువు మాసినా పేరు మాయలేదు. జనానికి కథ కూడా కావాలి మరి.

## జట్టు గెలిస్తే పాత కార్డు ధర పెరుగుతుందా

కొత్త కార్డులకైతే అవును, దాదాపు వారం వారం. కుర్రాడు నాలుగు హోం రన్‌లు కొడితే ధర లేస్తుంది, మోచేతికి శస్త్రచికిత్స అంటే కూలుతుంది. షేర్ మార్కెట్ లాంటిదే. స్కీన్స్ కార్డును మోసింది జట్టు కాదు, స్కీన్స్.

పాత కార్డులకు ఈ లంకె చాలా బలహీనం. పైరేట్స్ 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపులకంటే ఓటములే ఎక్కువ మూటగట్టుకుంది. అమెరికా పెద్ద క్రీడల్లో అదొక రికార్డు. మధ్యలో 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి జావెలిన్ విసిరే ఇద్దరు కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో ఒప్పందం చేసుకున్నదీ ఈ జట్టే. ఇద్దరూ పెద్ద జట్టు దాకా రాలేదు. ఆ ఇరవై ఏళ్లలో వాగ్నర్ కార్డు ధర మాత్రం ఎక్కుతూనే పోయింది. వాగ్నర్ లెక్క 1917లోనే మూసేశారు. ఇప్పటి జట్టు దానికేమీ కలపలేదు, దానిలోంచి ఏమీ తీయలేదు.

1960నే మళ్లీ చూడండి. ఆ సిరీస్‌లో మూడు హోం రన్‌లు కొట్టి, ఓడి, ఏడ్చినవాడు మాంటిల్. గెలిపించినవాడు మజెరాస్కీ. 1952 మాంటిల్ కోటి డాలర్లు దాటింది. మజెరాస్కీ కార్డులు, తొలి కార్డయిన 1957 నాటిదైనా సరే, మంచి స్థితిలో లేనివి జీతంరాళ్లకు కూడా అందుతాయి. పట్టిక గెలిచినవాడికి పట్టం కట్టింది, అంగడి ఓడినవాడికి కట్టింది. పిట్స్‌బర్గ్ అభిమానికి ఇందులో అన్యాయం కనిపించదు. తనకు కావలసిన మనిషి చవగ్గా దొరుకుతున్నాడు కదా!

జట్టు సేకర్తలు అందుకే వేరే జాతి. ఒక ఏడాది వరుస మొత్తం కాక, ఆ ఏడాది తమ జట్టు కార్డులనే పోగేస్తారు. మూలలు అరిగినా ఫరవాలేదు. వారికి ఖరీదుగా తగిలేది ఒకే ఒక్క పేరు: రొబెర్టో క్లెమెంటే.

ప్యూర్టో రికో నుంచి వచ్చిన క్లెమెంటే తొలి కార్డు 1955 టాప్స్‌లో 164వది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ పేరు సరిగానే అచ్చయింది. 1957 నుంచి 1969 దాకా టాప్స్ అతన్ని ‘బాబ్’ అని రాసింది. అమెరికన్ల నోటికి సులువైన పేరు అంటగట్టడం అతనికి నచ్చేది కాదు. 1970లో కార్డు మీద మళ్లీ రొబెర్టో అయ్యాడు. 1972 సీజన్ చివర తన 3,000వ హిట్ కొట్టాడు. ఆ డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సరుకులు తీసుకెళ్తున్న విమానం కూలి చనిపోయాడు. పీఎన్‌సీ పార్క్‌లో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, అది అతని చొక్కా నంబరు.

1973 వరుసలో అతనికి 50వ నంబరు కార్డు వచ్చింది. ప్రతి కార్డూ ఆటగాడికి ఒక సీజన్ వెనక నడుస్తుందని అనుకున్నాం కదా. ఈ కార్డుకు ఆ వెనకబాటు లేదు. తర్వాత కలపడానికి ఇంకో సీజన్ రాలేదు.